పిల్లల ఆలోచన వినిపించే లెక్కల తరగతి: జూన్ నుంచి ఏప్రిల్ వరకు

బోర్డు మీద లెక్క పూర్తిచేసి, సుద్దముక్క చేతిలో ఉండగానే తరగతి వైపు తిరిగి "అర్థమైందా?" అని అడిగితే, నలభై గొంతులు ఒక్కసారిగా "అయింది టీచర్" అంటాయి. హైదరాబాద్‌లో ఆరు నుంచి పదో తరగతి వరకు గణితం బోధిస్తూ మొదటి కొన్నేళ్లు నేను ఆ జవాబును నమ్మాను. జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు మాత్రమే, ఎవరికి ఏది అర్థమైందో, ఎవరు ఏమనుకుని ఏమి రాశారో నాకు ఏ మాత్రమూ తెలియదని తేలేది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా వచ్చిన గణిత ఆధార పత్రం, పిల్లల ఆలోచనను గణితీకరించడమే, అంటే పిల్లలు గణిత పద్ధతిలో ఆలోచించేలా చేయడమే, గణిత బోధన ప్రధాన లక్ష్యమని చెబుతూ, ఎక్కువమంది పిల్లల్లో ఉన్న భయాన్నీ ఓటమి భావాన్నీ మొట్టమొదటి సమస్యగా పేర్కొంది. పిల్లల ఆలోచన ఉపాధ్యాయునికి వినబడని చోట ఆ లక్ష్యం నెరవేరదు, ఆ భయమూ పోదు. ఆలోచన వినబడే విధంగా తరగతిని జూన్ నుంచి ఏప్రిల్ వరకు ఎలా నడపవచ్చో, నేను చేసి చూసిన క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

జూన్‌లో మొదటి రెండు వారాలు

బడి తెరిచిన మొదటి రోజునే మొదటి అధ్యాయం ప్రారంభించవద్దు. ఒక తెల్లకాగితం ఇచ్చి, లెక్కల పీరియడ్ గురించి బాగా గుర్తున్న ఒక సంఘటనను రాయమనండి; తెలుగులోనో, ఉర్దూలోనో, హిందీలోనో, వచ్చిన ఇంగ్లిష్‌లోనో రాయవచ్చనీ, బొమ్మ గీసినా సరిపోతుందనీ చెప్పండి. ఎక్కం మరచిపోయినందుకు బెంచీ ఎక్కి నిలబడిన సంగతి, అందరి ముందు మార్కులు చదివిన సంగతి ఆ కాగితాల్లో ఎంత తరచుగా కనిపిస్తాయో చూస్తే, మీ గదిలో ఏమి జరగకూడదో మీకే తెలుస్తుంది. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. మార్కులను బట్టి వరుసలు మార్చి కూర్చోబెట్టడం, "నీకు లెక్కలు రావు" అని ముద్ర వేయడం ఆ సెక్షన్ స్ఫూర్తికి విరుద్ధమైనవేనని నేను భావిస్తాను.

తరువాత ఒక చిన్న పరిశీలన చేయండి. ఆరో తరగతికైతే అయిదు ప్రశ్నలు చాలు: 402 నుంచి 178 తీసివేయడం, 3/4, 2/3లలో ఏది పెద్దదో బొమ్మతో చూపడం, 0.35, 0.5లలో ఏది పెద్దదో చెప్పడం. 7 ఎనిమిదులు ఎంతో రెండు విధాలుగా కనుక్కోవడం. ఒక దీర్ఘచతురస్రం చుట్టుకొలత కనుక్కోవడం. దీనికి మార్కులు వేయకండి. ఎవరు ఏమి రాశారో ఒక నోటు పుస్తకంలో ఒక్కో వాక్యంగా నమోదు చేసుకోండి. 0.35 పెద్దదని రాసిన పిల్లవాడు 35ను 5తో పోల్చాడని, 3/4 కంటే 2/3 పెద్దదన్న అమ్మాయి హారం చిన్నదైతే ముక్క పెద్దదవుతుందన్న సరైన ఆలోచనతోనే సగం దారి వచ్చి ఆగిపోయిందని రాసుకుంటే, ఏడాది పొడవునా ఆ పుస్తకం మార్కుల రిజిస్టరు కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ప్రశ్న వేసిన తరువాత ఆగడం

1970లలో అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో కూడి రావడం మొదలైంది. మూడు సెకన్ల మౌనం చెప్పినంత సులువు కాదు. నేను మనసులో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటాను. కొంచెం కష్టమైన ప్రశ్నకు పది వరకు కూడా లెక్కపెడతాను.

చేతులెత్తే పద్ధతి మాన్పించడం మరో చిన్న మార్పు. మొదటి చేయి లేవగానే మిగిలినవాళ్లు ఆలోచించడం ఆపేస్తారు. జవాబు దొరికినవాళ్లు గుండె దగ్గర పిడికిలి పెట్టి బొటనవేలు మాత్రమే చూపాలని, రెండో దారి దొరికితే రెండో వేలు చూపాలని అలవాటు చేయండి. పక్కవాళ్లకు తొందర కలగదు, ముందే దొరికినవాళ్లు ఖాళీగా కూర్చోరు.

దీన్ని రోజూ పీరియడ్ మొదటి అయిదు నిమిషాల్లో ఒక మనోగణితం ప్రశ్నతో సాధన చేయించవచ్చు. 25 పదహార్లు ఎంత అని అడిగిన రోజున, పదహారును నాలుగు నాలుగులుగా విడదీసి 25 నాలుగులు 100, నాలుగు వందలు అని ఒకరు చెప్పారు. 25 పదులు 250, 25 ఆర్లు 150 అని ఇంకొకరు కూడారు. వెనుక బెంచీ అబ్బాయి మాత్రం, "మా నానమ్మ పావలా అంటది టీచర్, పదహారు పావలాలంటే నాలుగు రూపాయలు" అన్నాడు. పావలా, అంటే 25 పైసల నాణెం, 2011లోనే చెలామణిలోంచి పోయినా ఆ పిల్లవాడి ఇంట్లో అది ఇంకా బతికే ఉంది, ఆ రోజు తరగతికంతటికీ ఉపయోగపడింది. మూడు దారులనూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, ఎవరి దారి కింద వారి పేరు రాయండి. బోర్డులో ఎడమ వైపు మూడో వంతును ఇందుకే కేటాయించి, పీరియడ్ పూర్తయ్యే వరకు చెరపకుండా ఉంచండి.

"అర్థమైందా?" అన్న ప్రశ్నను పూర్తిగా విడిచిపెట్టి, "నీవు ఎలా చేశావు?", "ఆమె చెప్పినదాన్ని నీ మాటల్లో చెప్పగలవా?", "ఇది ఎప్పుడూ నిజమేనా?" అన్న మూడు ప్రశ్నలను నాలుక చివర ఉంచుకోండి. "తెల్వది టీచర్" అన్నవారిని కూర్చోమనకుండా, "ఎంతవరకు వచ్చింది? ఎక్కడ ఆగింది?" అని అడగండి. మొదటి నెల ఈ ప్రశ్నకు మౌనమే జవాబుగా వస్తుంది. ఆగస్టు నాటికి "హారాలు సమానం చేసిన దాకా వచ్చింది" అన్నంత స్పష్టమైన జవాబులు వినబడతాయి.

అందరికీ ప్రవేశం ఉన్న లెక్కను ఎంచుకోవడం

తరగతిలో ఆసక్తి పుట్టించడానికి ఆటలు, పాటలు, రంగుల చార్టులు కావాలని చాలామంది అనుకుంటారు. అవి ఉంటే మంచిదే, కాని ఆసక్తి ప్రధానంగా లెక్కలోనే ఉండాలి. మంచి లెక్కకు నేను చూసే గుర్తులు రెండు: చదువులో వెనుకబడిన విద్యార్థి కూడా మొదటి అడుగు వేయగలగాలి, చురుకైన విద్యార్థికి పది నిమిషాల తరువాత కూడా చేయడానికి ఏదో మిగిలి ఉండాలి.

మన ఊరి మెట్రోను తీసుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు ఉన్న మార్గం పొడవు సుమారు 29 కిలోమీటర్లు, స్టేషన్లు 27. ఒక స్టేషన్ నుంచి తరువాతి స్టేషన్‌కు సగటు దూరం ఎంత? తరగతిలో ఎక్కువమంది 29ను 27తో భాగించి 1.07 అంటారు. ఇద్దరు ముగ్గురు మాత్రం తల గీరుకుంటూ 26తో భాగిస్తారు. ఆ దశలో ఎవరిది సరైనదో చెప్పకండి. అయిదుగురు పిల్లలను వరుసగా నిలబెట్టి, వారి మధ్య ఉన్న ఖాళీలను లెక్కపెట్టమనండి. అయిదుగురికి నాలుగే ఖాళీలని కనబడగానే, 27 స్టేషన్ల మధ్య 26 దూరాలే ఉంటాయని, సగటు సుమారు 1.12 కిలోమీటర్లని వారే తేల్చుకుంటారు. కంచె స్తంభాల లెక్క, సంఖ్యారేఖ మీద గుర్తుల లెక్క, నెలలో రోజుల లెక్క, అన్నింటిలోనూ ఇదే పొరపాటు వస్తుంది కాబట్టి ఈ ఒక్క పీరియడ్ చాలా దూరం పనిచేస్తుంది.

ఇంతకంటే నాకు ఇష్టమైన లెక్క సంక్రాంతి ముందు వస్తుంది. ఏడో తరగతి పిల్లలను వరండాలోకి తీసుకువెళ్లి, ముగ్గుకు మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, రెండు వైపులా సందు చుక్కలతో (ముందు వరుసలోని రెండేసి చుక్కల మధ్య సందుకు ఒక చుక్క చొప్పున) 1 వచ్చేవరకు వేయమంటాను. మొత్తం ఎన్ని చుక్కలు? ఒక్కొక్కటిగా లెక్కపెట్టి 49 అని చెప్పేవాళ్లు చెబుతారు, అదే ప్రవేశం. ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా ఎలా చెప్పగలరని అడిగినప్పుడు అసలు గణితం మొదలవుతుంది. ఒక జట్టు 1 నుంచి 7 వరకు కూడితే 28 కాబట్టి రెండు 28లు 56, మధ్య వరుసను రెండుసార్లు కూడాం కాబట్టి 7 తీసివేస్తే 49 అన్నది. మరో జట్టు 1నీ 6నూ, 2నూ 5నూ, 3నూ 4నూ జతచేసి ఒక్కో వైపు మూడు ఏడులు, రెండు వైపులా ఆరు ఏడులు, మధ్యలో మరో ఏడు, మొత్తం ఏడు ఏడులు అన్నది. అప్పుడే ఒక అమ్మాయి లేచి వచ్చి ముగ్గు మూలకు చేరి, ఏటవాలుగా నిలబడి చూసి, "ఇక్కడి నుంచి చూస్తే ఏడు వరుసలు, వరుసకు ఏడు చుక్కలే కదా టీచర్" అన్నది. పిల్లలందరూ ఒకరి తరువాత ఒకరు ఆ మూలకు వచ్చి నిలబడి చూశారు. వర్గ సంఖ్య అన్న మాటను ఆ తరగతికి నేను మళ్లీ వివరించవలసిన అవసరం రాలేదు.

తరువాతి ప్రశ్న సిద్ధంగా ఉంచుకోండి: అదే 7 చుక్కల ముగ్గును 1 దాకా కాకుండా 4 వచ్చేవరకే వేస్తే ఎన్ని? పైన ఒకటి, కింద ఒకటి, ఆరేసి చుక్కల త్రిభుజాలు రెండు పోతాయి కాబట్టి 49 నుంచి 12 తీసివేస్తే 37. మధ్య వరుస 15 అయితే, ఏ సంఖ్య అయినా అయితే అని పెంచుకుంటూ పోతే చరరాశి అవసరం పిల్లలకే కలుగుతుంది.

ఇలాంటి లెక్కలతో సిలబస్ పూర్తి కాదన్న భయం సహజమే. నేను వారానికి రెండు పీరియడ్లు మాత్రమే ఇలా నడుపుతాను. 45 నిమిషాల్లో అయిదు మనోగణితానికి, పదిహేను జట్టుగా ఆలోచించడానికి, పదిహేను చర్చకు, చివరి పది పుస్తకంలోని అభ్యాసానికి. మిగిలిన రోజుల్లో అభ్యాసం మామూలుగానే సాగుతుంది, పైగా వేగంగా సాగుతుంది.

తప్పును బోర్డు మీదికి తీసుకురావడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగాన్నే ఆచరించగలిగితే, దీన్ని ఆచరించండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాస్తే, ఎర్ర సిరాతో కొట్టివేసి, సరైన పద్ధతిని పక్కన రాసి పంపించాను. మళ్లీ అదే రాసింది, మళ్లీ కొట్టివేశాను. మూడోసారి విసుగుతో "ఎందుకిలా రాస్తున్నావు?" అని అడిగితే, ఆ పిల్ల భయపడుతూనే, "మొదటి పరీక్షల రెండు ప్రశ్నలకు ఒకటి కరెక్ట్, రెండో పరీక్షల మూడు ప్రశ్నలకు ఒకటి కరెక్ట్, మొత్తం అయిదుకు రెండు కదా టీచర్" అన్నది. మార్కుల విషయంలో ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మనమందరం మార్కులను అలాగే కూడుతాం. ఆమెకు తెలియనిదల్లా, భిన్నాల సంకలనంలో రెండు భిన్నాలూ ఒకే పూర్ణానికి చెందినవై ఉండాలన్న సంగతి. రెండుసార్లు నేను కొట్టివేసినప్పుడు ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఎందుకంటే ఆమె ఆలోచన ఏమిటో నేను అడగలేదు.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటుంది. ముందు రోజు పిల్లలు లెక్క చేసి ఇచ్చిన చీటీల్లో వచ్చిన తప్పుల్లో ఆలోచన ఉన్న ఒకదాన్ని ఎంచుకుని, రాసినవారి పేరు చెప్పకుండా బోర్డు మీద రాస్తాను. "ఇలా రాసినవారు ఏమనుకుని ఉంటారు?" అన్నది మొదటి ప్రశ్న. తప్పు ఎక్కడుందో చెప్పడానికి తొందరపడేవారిని ఆపి, ముందు ఆ ఆలోచనకు న్యాయం చేయమంటాను. రెండో ప్రశ్న, "ఈ జవాబు నమ్మదగ్గదిగా ఉందా?" సగం రొట్టె తిన్నాక ఇంకో మూడో వంతు కూడా తింటే, మొత్తం తిన్నది సగానికి తక్కువ ఎలా అవుతుంది? 2/5 సగం కంటే తక్కువ అని గమనించగానే తరగతిలో గుసగుసలు మొదలవుతాయి. మూడో దశలో కాగితపు పట్టీని ఆరు సమభాగాలుగా మడిచి, మూడు భాగాలకు ఒక రంగు, రెండు భాగాలకు ఇంకో రంగు వేసి 5/6ను కళ్లతో చూస్తారు. ఈ క్రమం చేతి పని, తరువాత బొమ్మ, ఆ తరువాతే గుర్తులు అని సాగుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో వివరించిన ఈ మూడు దశల వరుస నాకు ఏ అధ్యాయంలోనూ అక్కరకు రాకుండా పోలేదు. చివరగా, ఏ సందర్భంలో 2/5 సరైన జవాబు అవుతుందో అడగడం మరవకండి.

అజాగ్రత్త వల్ల జరిగే తప్పులకు, అంటే అంకె తప్పుగా ఎత్తి రాయడం వంటివాటికి, ఇంత సమయం వెచ్చించనవసరం లేదు. చెప్పి దిద్దించి ముందుకు సాగండి.

మాటల దగ్గర ఆగడం

ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లో చాలామంది పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ, తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచిస్తున్నారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండటం దీనికి మంచి సాధనం. పదసమస్యను రెండు వైపులా చదివించి, తరువాత పుస్తకం మూసి కథలాగా చెప్పమనండి. కథ చెప్పగలిగితే సమీకరణం కష్టం కాదు. "మొత్తం" కనబడితే కూడాలి, "మిగిలినవి" కనబడితే తీసివేయాలి అన్న చిట్కాలు నేర్పవద్దు. రెండు డబ్బాల్లో కలిపి మొత్తం 40 గోళీలు, ఒకదానిలో 15 ఉంటే రెండోదానిలో ఎన్ని అన్న లెక్క ఆ చిట్కాను అక్కడికక్కడే ఓడిస్తుంది.

తెలుగు పారిభాషిక పదాలు కూడా తమంతట తాము అర్థం కావు. వ్యాసం అంటే తెలుగు పీరియడ్‌లో రాసేది, హారం అంటే మెడలో వేసుకునేది అని తెలిసిన పిల్లలకు ఆ మాటలు లెక్కల్లోకి ఎలా వచ్చాయో చెప్పడం మన బాధ్యత. హారం అంటే భాగించేది, లవం అంటే తునక. రుణ సంఖ్య దగ్గరైతే భాషే సగం పాఠం చెబుతుంది: క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సంఖ్యల నియమాలను ధనం, రుణం అన్న మాటలతోనే, అంటే ఆస్తి, అప్పు అన్న అర్థంలోనే చెప్పాడు. మూడు రూపాయల అప్పు మీద అయిదు రూపాయల అప్పు చేస్తే ఎనిమిది రూపాయల అప్పే మిగులుతుందని తెలిసిన పిల్లవాడు మైనస్ 3 మైనస్ 5ను ప్లస్ 8 అని రాయడు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడని కూడా పిల్లలకు చెప్పండి; లెక్కలు మన భాషకు కొత్త కావని వారు తెలుసుకోవాలి.

వీధి భాషను కూడా తరగతిలోకి రానివ్వండి. ఏడుంబావు, ఏడున్నర, పావుతక్కువ ఎనిమిది అన్న మాటలు మిశ్రమ భిన్నాలే. మన ఊళ్లో ఆటో ఎక్కిన ప్రతి పిల్లవాడూ డేఢ్ సౌ, ఢాయీ సౌ అన్న మాటలు విన్నవాడే. ఒకటిన్నర వందలు 150 అనీ, రెండున్నర వందలు 250 అనీ తెలిసినవారికి భిన్నంతో గుణించడం సగం వచ్చినట్లే. ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ రోజు మిగిలినవారికి ఉపాధ్యాయులవుతారు.

వెనుకబడినవారు, ముందున్నవారు

జట్లను మార్కుల వారీగా చేయకండి. నలుగురి చొప్పున కలగలిపి, మూడు వారాలకు ఒకసారి మార్చండి. జట్టుకు ఒకే కాగితం, ఒకే పెన్ను ఇచ్చి, పెన్ను పట్టినవారు తమ ఆలోచన కాక పక్కవారు చెప్పింది రాయాలన్న నియమం పెడితే, ఒక్కరే అంతా చేసి మిగిలినవారు చూస్తూ కూర్చోవడం తగ్గుతుంది.

ఎక్కాలు రావాలనే నేనూ అంటాను, కాని నిలబెట్టి అప్పజెప్పించుకునే పద్ధతిలో కాదు. ఏడెనిమిదులు మరచిపోయినప్పుడు అయిదెనిమిదులు 40, రెండెనిమిదులు 16, మొత్తం 56 అని చేరుకోగలనన్న ధైర్యం ఉన్న పిల్లకు ఆ ఎక్కం త్వరలోనే నోటికి వస్తుంది. ముందుగా పూర్తిచేసినవారికి అదే రకం లెక్కలు ఇంకో పది ఇవ్వడం శిక్షతో సమానం. వారిని "ఈ జవాబు వచ్చే వేరే లెక్కను నీవే తయారుచేయి" అని అడగండి.

నోటుపుస్తకాలు, పరీక్షలు

నలభై పుస్తకాలను ఒకేరోజు టిక్కులతో నింపడం కంటే, రోజుకు ఎనిమిది పుస్తకాలు తీసుకుని ఒక్కోదానిలో ఒక ప్రశ్న రాయండి: "ఈ మూడో వరుస నుంచి నాలుగో వరుసకు ఎలా వచ్చావు?" అయిదు రోజుల్లో తరగతి పూర్తవుతుంది, మరుసటి వారం వారి జవాబు మీ ప్రశ్న కిందనే ఉంటుంది. లఘు పరీక్ష పత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు బయటికి చదవకండి. తప్పు చేసిన ఒక లెక్కను దిద్ది, ఎందుకు తప్పిందో రెండు వాక్యాలు రాసినవారికి ఆ శ్రమను గుర్తిస్తూ మీ పుస్తకంలో నమోదు చేయండి.

ఇంటితో మాట్లాడటం

తల్లిదండ్రుల సమావేశంలో, పిల్ల పక్కన ఉండగానే, "నాకూ లెక్కలు రాలే, దీనికీ రావు మేడమ్" అనే తల్లులు ఉంటారు. అలా అన్న ఒక తల్లి టైలరింగ్ చేస్తారని తెలిసి, జాకెట్టు ఎలా కత్తిరిస్తారని అడిగాను. ఛాతీ కొలతను నాలుగుతో భాగించి, కుట్టుకు ఒకటిన్నర అంగుళం కలిపి, బట్టను మడతపెట్టి గీస్తానని గుక్కతిప్పుకోకుండా చెప్పారు. "అక్కా, ఇదంతా లెక్కే కదా, ఒకరోజు తరగతికి వచ్చి చూపిస్తారా?" అని అడిగితే మొదట నవ్వేశారు, తరువాతి శుక్రవారం టేపు, సుద్ద, పాత చీర ముక్క తీసుకుని వచ్చారు. 34 అంగుళాల కొలతలో నాలుగో వంతు ఎనిమిదిన్నర అని ఆమె నోటితో చెబుతుంటే, కూతురు బోర్డు మీద భాగహారం చేసి సరిచూసింది.

ఏప్రిల్‌లో అప్పగింత

ఏడాది చివర తరగతిని తరువాతి ఉపాధ్యాయునికి అప్పగించేటప్పుడు మార్కుల జాబితాతో పాటు, జూన్‌లో ప్రారంభించిన ఆ నోటు పుస్తకం నుంచి ఒక్కో విద్యార్థికి ఒక చిన్న కార్డు రాసి ఇవ్వండి. "దశాంశాలను డబ్బులతో చెబితే వెంటనే పట్టుకుంటాడు", "జవాబు తెలిసినా అడగనిదే చెప్పదు, మూడు సెకన్లు చాలవు, పది ఆగండి", "బొమ్మ గీయనిస్తే ఎంత కష్టమైన లెక్కకైనా దారి కనుక్కుంటుంది" వంటి రెండేసి వాక్యాలు చాలు. నలభై కార్డులు రాయడానికి నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. రాయడానికి ఏమీ తోచని పిల్లల పేర్లు మూడో నాలుగో ప్రతి ఏటా మిగులుతాయి. వాటిని విడిగా రాసుకుని, బడి మూసేలోగా ఆ పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని ఒక లెక్క చేయించి, ఎలా చేశారో చెప్పమని వింటాను.